గాడిపొయ్యి సెగ తగ్గించే మందు

(భీమవరంలో ఒక సాయంత్రం జరిగిన సైన్సు సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక చీర సంగతి చెప్తాను. మా పిన్ని కూతురికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. శ్రావణ శుక్రవారం నాడు ఎర్ర పట్టుచీర కట్టుకుని అద్దం ముందు నిలబడి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూసుకుంటోంది. "అక్కా, ఈ చీర వెలిసిపోయిందా?" అని అడిగింది. చీర బాగానే ఉంది. ఎడమకన్ను మూసుకుంటే మాత్రం దానికి ఆ ఎరుపు ఇటుకపొడిలా కనిపిస్తోందట. కన్ను కదిపితే లోపల నొప్పి. వారం తిరిగేసరికి కుడికంటి చూపులో నడిమధ్య మసక కమ్మింది.

ఒక చోట కళ్లజోడు రాశారు. ఇంకో చోట టెన్షన్ అన్నారు, పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్నారు. నెలన్నరకి చూపు చాలావరకు తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకుని మేమూ వదిలేశాం. ఏడాదిన్నర తర్వాత నడుము దగ్గర నుంచి కిందికి తిమ్మిరి పట్టింది. మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టు అయ్యేది. అప్పుడు ఎంఆర్ఐ తీస్తే మెదడులోనూ వెన్నుపాములోనూ తెల్లమచ్చలు కనిపించాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్, ఎం.ఎస్. అన్నారు. నేను ఇరవై ఏళ్లుగా బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్తున్నదాన్ని. ఎరుపు రంగు వెలిసినట్టు కనిపించడం కంటి నరం వాపుకి పాత గుర్తు అని నాకు అప్పటికి తెలియదు. మీలో ఎవరింట్లోనైనా ఎవరైనా ఈ మాట అంటే ఊరికే పోనివ్వకండి. అందుకే దీనితో మొదలుపెట్టాను.

ఈ జబ్బుని 1868లో పారిస్‌లో జాన్ మార్టిన్ షార్కో అనే వైద్యుడు స్పష్టంగా వర్ణించాడు. 2020 లెక్కల ప్రకారం ప్రపంచంలో దాదాపు 28 లక్షల మందికి ఉంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువమందికి ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది, అంటే చదువు, ఉద్యోగం, చంటిపిల్లలు, అన్నీ ఒక్కసారే మీదున్న వయసులో.

జరిగేదేమిటంటే, కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన నరాల తీగలకి మైలిన్ అని ఒక కొవ్వు తొడుగు ఉంటుంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలు, ముఖ్యంగా టి కణాలు, బి కణాలు, ఆ తొడుగుని పరాయిదనుకుని కొరికేస్తాయి. తొడుగు ఊడిన చోట సంకేతం నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. కంటి నరంలో ఊడితే మసక, వెన్నుపాములో ఊడితే తిమ్మిరి. కొంతకాలానికి వాపు తగ్గి, తొడుగు కొంత తిరిగి పడుతుంది. మళ్లీ ఎప్పుడో ఇంకో చోట మొదలవుతుంది. ఇలా వచ్చిపోయే దాడుల్ని రిలాప్స్ అంటారు.

ఇప్పుడు దీనికి చాలా మందులు ఉన్నాయి. నాటలిజుమాబ్ అనేది కణాలు మెదడులోకి దూరకుండా తలుపు వేస్తుంది. ఫింగోలిమోడ్ వాటిని లింఫు గ్రంథుల్లోనే ఆపి ఉంచుతుంది. ఓక్రెలిజుమాబ్ బి కణాల్ని ఏరేస్తుంది. ఈ మూడింటి పని ఒక్కో వాక్యంలో అర్థమైపోతుంది. నేను ఈ రోజు చెప్పదలుచుకున్న నాలుగో మందు అలా కాదు. డైమిథైల్ ఫ్యూమరేట్. మా చెల్లెలు వేసుకునే మందు ఇదే. ఇది కణం లోపలికి వెళ్లి, ఆ కణం రెచ్చిపోవడానికి కావలసిన మంట దగ్గర చెయ్యి పెడుతుంది. అలా చెయ్యి పెట్టడం మన శరీరానికి ముందే తెలిసిన విద్య.

రెచ్చిపోవడం అన్నాను కదా, ఆ మాటని కాస్త దగ్గరగా చూద్దాం. రక్తంలో తిరిగే టి కణం మామూలుగా చాలా ఒద్దికైనది. మిల్లీమీటరులో వెయ్యోవంతుని మైక్రాన్ అంటాం, ఆ కణం ఏడెనిమిది మైక్రాన్లుంటుంది. దాదాపు అంతా కేంద్రకమే, చుట్టూ పల్చటి అంచు. అది రెచ్చిపోవాలంటే రెండు సంకేతాలు అందాలి. ఒకటి, "ఇదిగో నీ శత్రువు ముక్క" అని చూపించడం. రెండోది, "అవును, నిజమే, కదులు" అని ఒప్పుకోవడం. ఈ రెండోది సిడి28 అనే అణువు ద్వారా అందుతుంది. రెండూ అందితే ఒక రోజులో కణం ఉబ్బుతుంది, తర్వాత విడిపోవడం మొదలుపెడుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, కొద్ది రోజుల్లో వేలల్లోకి వెళ్తుంది.

ఇది కళ్లతో చూడొచ్చు. ప్రయోగశాలలో ఈ కణాల్ని పెంచే ద్రవంలో ఫినాల్ రెడ్ అని ఒక రంగు కలుపుతారు. ద్రవం దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. నిద్రపోతున్న కణాలు వేస్తే రోజుల తరబడి ఎర్రగానే ఉంటుంది. వాటిని రెచ్చగొట్టే సంకేతాలిచ్చి ఇంక్యుబేటర్‌లో పెట్టి, మూడో రోజు తలుపు తీసి చూస్తే నిమ్మరసం పిండినట్టు పసుపు పచ్చగా మారిపోయి ఉంటుంది. నా పీహెచ్‌డీ రోజుల్లో మొదటిసారి అది చూసి, గిన్నెలో ఏదో బూజు చేరిందనుకుని గుండె జారిపోయింది. మా మేడమ్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూపించారు. ద్రాక్షగుత్తుల్లా కణాలు. అవి చక్కెర తిని వదిలిన లాక్టిక్ ఆమ్లం వల్ల ద్రవం పులిసింది, రంగు మారింది.

ఎందుకంత చక్కెర తింటున్నాయి? ఇక్కడ మన ఊరి మనిషిని తలుచుకోకుండా ముందుకి వెళ్లలేను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో ఈ భీమవరంలో పుట్టారు. అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో కండరంలోంచి ఏటీపీ అనే అణువుని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా చేశాడు. కణంలో ఏ పని జరగాలన్నా చెల్లే నాణెం ఏటీపీ. ఈ రోజు చెప్పే కథంతా ఆ నాణేలు ఎక్కడ, ఎలా ముద్రిస్తారన్నదే.

కణానికి రెండు పొయ్యిలున్నాయి. మైటోకాండ్రియాలో ఉన్నది ఇంటి పొయ్యి. ఆక్సిజన్ వాడుకుని, చక్కెరని పూర్తిగా మండించి, ఒక్క గ్లూకోజు నుంచి దాదాపు 30 ఏటీపీలు తీస్తుంది. పొదుపైనది. రెండోది గ్లైకాలిసిస్, దాన్ని పెళ్లింట్లో తవ్వే గాడిపొయ్యి అనుకోండి. ఒక్క గ్లూకోజుకి రెండంటే రెండే ఏటీపీలు మిగులుతాయి. బోలెడు కట్టెలు దండగ. కానీ వెయ్యి మందికి వండాలంటే ఇంటి పొయ్యి మీద అవుతుందా? గాడిపొయ్యి తవ్వాల్సిందే. రెచ్చిపోయిన టి కణం చేసేదీ అదే. ఆక్సిజన్ చాలినంత ఉన్నా గ్లైకాలిసిస్‌నే పెద్దగా నడుపుతుంది. 1920ల్లో ఒట్టో వార్‌బర్గ్ క్యాన్సర్ కణాల్లో చూసిన పద్ధతి ఇదే. పైగా ఇది ఏటీపీ కోసం మాత్రమే కాదు. కొత్త కణాలు కట్టడానికి కొవ్వు, ప్రోటీన్, డీఎన్ఏ కావాలి, వాటికి ముడిసరుకు ఈ గాడిపొయ్యి దారిలోంచే వస్తుంది.

అయితే టి కణాలన్నీ ఇలా చెయ్యవు. మైలిన్ మీద పడే టిహెచ్1, టిహెచ్17 రకాలు గాడిపొయ్యి మీద బాగా ఆధారపడతాయి. గొడవని సర్దిచెప్పే రెగ్యులేటరీ కణాలు ఇంటి పొయ్యితోనే ఎక్కువ నెట్టుకొస్తాయి. ఈ తేడా గుర్తుంచుకోండి, మందు తన పని సాధించుకునేది ఈ తేడాలోంచే.

గ్లైకాలిసిస్‌లో పది మెట్లు. ఆరో మెట్టు దగ్గర ఉండే ఎంజైము పేరు పొడుగ్గా ఉంటుంది, మేం జీఏపీడీహెచ్ అంటాం. దాని పనంతా జరిగేది సిస్టీన్ అనే ఒక అమైనో ఆమ్లం దగ్గర, మనుషుల్లో 152వ స్థానంలో. సిస్టీన్ చివర ఒక గంధకం పరమాణువు ఉంటుంది. వంటవాడికి గరిటె పట్టుకున్న చెయ్యి లాంటిది అది.

ఇక మందు వైపు వద్దాం. ఫ్యూమరిక్ ఆమ్లం మనకి కొత్తది కాదు. 1937లో హాన్స్ క్రెబ్స్ వివరించిన చక్రంలో, అంటే మైటోకాండ్రియాలోని ఇంటి పొయ్యిలో, ప్రతి క్షణం తయారయ్యేదే. దాని మధ్యలో ఒక జంట బంధం ఉంది. పల్లేరుకాయ పంచె అంచుకి పట్టుకున్నట్టు ఆ జంట బంధం గంధకాన్ని పట్టుకుంటుంది. ఉట్టి ఫ్యూమరిక్ ఆమ్లం కణం పొర దాటడం కష్టం. రెండు మిథైల్ ముక్కలు తగిలిస్తే కొవ్వు పొరలోంచి సులువుగా దూరుతుంది. అదే డైమిథైల్ ఫ్యూమరేట్. మింగాక పేగులోనే ఒక మిథైల్ ఊడి, మోనోమిథైల్ ఫ్యూమరేట్‌గా రక్తంలోకి చేరుతుంది.

2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి మైకేల్ కోర్న్‌బర్గ్, సోలమన్ స్నైడర్ బృందం సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఈ పల్లేరుకాయ సరిగ్గా ఆ వంటవాడి చెయ్యి పట్టుకుంటోందని, అంటే జీఏపీడీహెచ్‌లోని ఆ సిస్టీన్‌కి అంటుకుని ఎంజైముని ఆపేస్తోందని చూపించారు. లాక్టిక్ ఆమ్లం తయారీ తగ్గింది. టిహెచ్1, టిహెచ్17 కణాలు తయారవడం తగ్గింది. మందు వాడుతున్న ఎం.ఎస్. రోగుల రక్తకణాల్లో చూసినా జీఏపీడీహెచ్ పని తగ్గే ఉంది. అంతటితో ఆగకుండా, జీఏపీడీహెచ్‌ని ఆపే వేరే పదార్థాన్ని, హెప్టెలిడిక్ ఆమ్లాన్ని, ఎం.ఎస్. లాంటి జబ్బు తెప్పించిన ఎలుకలకి ఇచ్చారు. వాటికీ జబ్బు తీవ్రత తగ్గింది. పూర్తిగా వేరే అణువు, గురి ఒక్కటే, ఫలితం ఒక్కటే. ఒక వాదన నిలబడిందా లేదా అని చూడ్డానికి ఇంతకంటే నిజాయితీగల పద్ధతి నాకు తెలియదు.

నన్ను కదిలించిన విషయం ఇంకోటి ఆ పరిశోధనలోనే ఉంది. సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు రెచ్చిపోయినప్పుడు వాటిలో, బయటి నుంచి మందేమీ ఇవ్వకపోయినా, సొంత ఫ్యూమరేట్ పేరుకుంటుంది. అది వెళ్లి అదే జీఏపీడీహెచ్‌కి అంటుకుంటుంది. అంటే మంట ఎక్కువైతే ఆ మంటలోంచే పుట్టిన పదార్థం వెనక్కొచ్చి సెగ తగ్గిస్తోంది. ఇది శరీరం తనకి తాను అమర్చుకున్న బ్రేకు. మనం రోజుకి రెండు క్యాప్సూల్స్ వేసుకుని ఆ బ్రేకునే ఇంకాస్త గట్టిగా తొక్కుతున్నాం.

ఈ మందు చేసేది ఇదొక్కటే అనుకోకండి. గంధకం ఎక్కడుంటే అక్కడ అంటుకునే గుణం కదా. కీప్1 అనే ప్రోటీన్‌ని పట్టుకుని ఎన్ఆర్ఎఫ్2 అనే రక్షణ వ్యవస్థని లేపుతుంది. చాలా ఏళ్లు అసలు కారణం అదేనని చెప్పుకున్నాం. 2016లో స్క్రిప్స్ పరిశోధన సంస్థ వాళ్లు, టి కణంలో సిడి28 సంకేతాన్ని అందుకునే పికెసి తీటా అనే ఎంజైములో రెండు సిస్టీన్లని ఈ మందు పట్టుకుంటుందని, దాంతో రెండో సంకేతం అందదని చూపించారు. అయితే గిన్నెలో ఆ పని డైమిథైల్ రూపం చేసింది గానీ మోనోమిథైల్ రూపం చెయ్యలేదు. రక్తంలో తిరిగేది మోనోమిథైలే కాబట్టి, గాడిపొయ్యి కథకే నేను ఎక్కువ విలువిస్తాను.

ఈ మందు ఎం.ఎస్. దాకా వచ్చిన దారి కూడా వినదగ్గది. 1959లో వాల్టర్ ష్వెకెన్‌డీక్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తనకున్న సోరియాసిస్‌కి ఫ్యూమరిక్ ఆమ్లం పదార్థాలు వాడి చూసుకున్నాడు. క్రెబ్స్ చక్రంలో లోపం వల్ల సోరియాసిస్ వస్తోందని ఆయన ఊహ. ఊహ తప్పు, మందు మాత్రం పనిచేసింది. 1994లో జర్మనీలో సోరియాసిస్‌కి ఫ్యూమాడెర్మ్ పేరుతో అనుమతి వచ్చింది. 2006లో జర్మనీ పరిశోధకులు కొద్దిమంది ఎం.ఎస్. రోగులకి అదే ఇచ్చి చూస్తే, ఎంఆర్ఐలో కొత్త మచ్చలు బాగా తగ్గాయి. తర్వాత డిఫైన్, కన్ఫర్మ్ అనే రెండు పెద్ద ప్రయోగాలు జరిగి, 2012లో ఫలితాలు వచ్చాయి. డిఫైన్‌లో రెండేళ్లలో కనీసం ఒక్క రిలాప్స్ వచ్చినవాళ్లు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 46 శాతం, 240 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు తీసుకున్నవారిలో 27 శాతం. 2013 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది.

మధ్యలో ఒక చేదు అధ్యాయం ఉంది. 2007, 2008 ప్రాంతంలో యూరప్‌లో చాలామందికి వీపు మీద, తొడల మీద భయంకరమైన దద్దుర్లు వచ్చాయి. కారణం వెతికితే, దిగుమతి చేసుకున్న సోఫాల్లో బూజు పట్టకుండా చిన్న సంచుల్లో పెట్టిన పొడి. అది డైమిథైల్ ఫ్యూమరేట్. కూర్చున్నవాళ్ల ఒంటి వేడికి ఆవిరై చర్మంలోకి దూరింది. 2009లో యూరప్ దాన్ని వస్తువుల్లో నిషేధించింది. అదే అణువు, అదే అంటుకునే గుణం. క్యాప్సూల్ విప్పి పొడి నీళ్లలో కలుపుకోవద్దని, పగలగొట్టి నమలొద్దని చెప్పేది ఇందుకే.

ఇక ఖరీదు. డబ్బు గురించి కాదు, ఒంటికి పడే ఖరీదు గురించి. గాడిపొయ్యి ఆరితే వంటవాళ్లలో కొందరు వెళ్లిపోతారు. మొదటి ఏడాదిలో రక్తంలో లింఫోసైట్ల, అంటే టి, బి కణాల్లాంటి వాటి, సంఖ్య సగటున 30 శాతం దాకా తగ్గుతుంది, తర్వాత అక్కడ నిలబడుతుంది. టి కణాల్లో సిడి8 అనే రకం ఎక్కువ తగ్గుతుంది. ఒకసారి పోట్లాడి వచ్చిన మెమరీ కణాలు తగ్గినంతగా, ఇంకా పోట్లాట ఎరగని కొత్త కణాలు తగ్గవు. చాలామందికి దీంతో ఇబ్బంది ఉండదు. కానీ కొందరిలో సంఖ్య మైక్రోలీటరుకి 500 కంటే కిందికి పడి, నెలల తరబడి అక్కడే ఉంటుంది. అలాంటివాళ్లకి జేసీ అనే వైరస్ మెదడులో లేచే ప్రమాదం ఉంది. పీఎంఎల్ అంటారు. అరుదు, కానీ ప్రాణాంతకం. 2014లో ఈ మందు వాడుతున్న ఒక ఎం.ఎస్. రోగి దీంతో చనిపోయారు. చాలాకాలం లింఫోసైట్లు తక్కువగా ఉన్న మనిషి. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో, కనీసం ఆరు నెలలకోసారైనా, రక్తపరీక్ష చేయించుకోవాలి. బాగున్నాం కదా అని మానేసేవాళ్లని నేను చూశాను. బాగుండటానికీ ఆ సంఖ్యకీ సంబంధం లేదు. ఐదొందలకి పడిపోయినా ఒంట్లో ఏమీ తెలియదు. దయచేసి మానకండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: అమ్మా, ఆ కణాలు చక్కెర తిని రెచ్చిపోతున్నాయన్నారు. మరి మనం తీపి, అన్నం మానేస్తే సరిపోదా?)

మంచి ప్రశ్న అండీ, ఇది అందరికీ రావాల్సిన అనుమానం. సరిపోదు. మనం తినకపోయినా రక్తంలో గ్లూకోజుని కాలేయం ఒక మట్టంలో నిలబెడుతుంది, మెదడుకి అది కావాలి కాబట్టి. మందు ఆపేది కణం లోపలి ఆరో మెట్టుని. మనం నోరు కట్టుకుంటే ఆ మెట్టు మూతపడదు. తీపి తగ్గించుకుంటే వేరే లాభాలున్నాయి, తగ్గించుకోండి. మందు బదులు మాత్రం కాదు.

(ఒక అమ్మాయి: మేడమ్, అయితే ఈ మందు వాడేవాళ్లకి మామూలు జ్వరాలు, ఇన్ఫెక్షన్లు ఎక్కువ వస్తాయా?)

పెద్ద ప్రయోగాల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు ఉత్తుత్తి మాత్ర వాళ్లకంటే పెద్దగా పెరగలేదమ్మా. సెగ తగ్గింది గానీ పొయ్యి పూర్తిగా ఆరలేదు. లింఫోసైట్లు బాగా తగ్గినవాళ్ల సంగతి వేరు, ఇందాక చెప్పాను.

(ఒకావిడ: మా వదిన ఇదే వేసుకుంటుంది. వేసుకున్న అరగంటకి మొహం, మెడ కందిపోయి మంటలు. మానేద్దామంటోంది.)

మానొద్దని చెప్పండి. పదిమందిలో నలుగురికి దాకా వస్తుంది. చర్మంలో నియాసిన్ విటమిన్‌కి ఒక తాళం ఉంది. ఈ మందు కూడా ఆ తాళంలో తిరుగుతుంది, దాంతో రక్తనాళాలు విచ్చుకుంటాయి. చాలామందికి మొదటి నెలలోనే ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. ఉత్త కడుపున వేసుకోకూడదు. మా చెల్లెలు పొద్దున ఇడ్లీలోకి నెయ్యి, కారప్పొడి బాగా దట్టించి తిని వేసుకుంటుంది, రాత్రి పెరుగన్నం తర్వాత. కొందరికి అరగంట ముందు ఆస్పిరిన్ ఇస్తారు, అది మాత్రం డాక్టర్ని అడిగే. ఇంకో మాట, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎం.ఎస్. పేరు ఉంది. సర్టిఫికెట్ గురించి కనుక్కోమనండి.

(అదే ఆవిడ: మీ చెల్లెలు ఇప్పుడెలా ఉందండీ?)

నాలుగేళ్లుగా కొత్త దాడి రాలేదు. స్కూల్లో పాఠాలు చెప్తోంది, స్కూటీ నడుపుతోంది. పోయిన తొడుగుని ఈ మందు తిరిగి తేలేదు. కుడికంటికి ఎరుపు ఇప్పటికీ ఇటుకపొడిలానే ఉంటుందట. రెండు వారాల కింద బీరువా సర్దుతూ ఆ పట్టుచీర తీసి, ఒక్కో కన్నూ మూసి చూసుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. "అలానే ఉందక్కా, పెరగలేదు" అంది. మంగళవారం దాని రక్తపరీక్ష. నేనూ వెళ్తున్నాను.